మందు వస్తుందని చెప్పాను

నేను పని మానేసిన రోజు అఫ్జల్‌గంజ్‌లోని మా క్లినిక్‌లో చిన్న సభ పెట్టారు. నాకు అప్పటికి యాభై మూడేళ్లు. ఇంకొన్నేళ్లు చేయొచ్చు, కానీ క్లినిక్ పెట్టిన పెద్ద డాక్టరుగారు పోయాక ఆ గదుల్లో నాకు మనసు నిలవలేదు. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి లేచి మాట్లాడింది. "ఫలక్‌నుమా యాదయ్య గారి కథ మనందరికీ తెలుసు. సార్ తొమ్మిదేళ్లు వదలకుండా వెంటపడి, చివరికి ఆయన చెవికి మిషన్ పెట్టించారు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ లేచి నమస్కారం పెట్టాను.

ఆ నమస్కారం పెట్టి ఉండకూడదు. తొమ్మిదేళ్లు వెంటపడింది నేను కాదు, యాదయ్య. నేను ఆయన్ను మర్చిపోయాను. ఆయన మా గడప తొక్కుతూనే ఉన్నాడు, మా వాళ్లు వెనక్కి పంపుతూనే ఉన్నారు. దానికి మూలం నేను చెప్పిన ఒక మాట.

ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలు ఆ కథ విని నేర్చుకుంటామంటున్నారు గనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదువుతూ నవ్వొస్తే నవ్వండి. వినికిడి పరీక్షలు చేసి మిషన్లు అమర్చే ఆడియాలజిస్టు పనిలో ఏడ్చిన రోజులకంటే నవ్విన రోజులే నాకు ఎక్కువ.

హౌ అంటే విన్నట్టు కాదు

మాది తెనాలి. ఈ ఊరు వచ్చేనాటికి నాకు ఉర్దూ ఒక్క ముక్క రాదు, తెలంగాణ మాట సగమే అర్థమయ్యేది. మొదటి వారంలో ఒక ముసలమ్మ వచ్చింది. "ఈ చెవి బాగా వినబడుతుందా?" అంటే "హౌ" అంది. "ఆ చెవి?" "హౌ." "ఫోన్‌లో మాటలు?" "హౌ." హౌ అంటే అవును అని అప్పటికి నేర్చుకున్నాను. సంతోషంగా, ఇబ్బందేమీ లేదని రాసి పెద్ద డాక్టరుగారి గదికి పంపాను.

ఆయన చెవి, ముక్కు, గొంతు డాక్టరు. పాతబస్తీలోనే పుట్టి పెరిగినవాడు. అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్లు. ఆ కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చాడు.

"ఏమయ్యా తెనాలి, ఈమెకు చెవులు బాగున్నయని రాసినవ్?"

"అన్నిటికీ హౌ అందండి."

"నీకు తలకాయ ఉందా అని అడుగు. దానికి గూడ హౌ అంటది. వినపడనోళ్ల హౌ అంటే విన్నట్టు కాదు, ఇగ నన్ను వదిలెయ్ అన్నట్టు."

అందుకే ఆయనకు ఒక అలవాటు. ఏ పేషెంటుకు ఏం చెప్పినా చివర్న "క్యా సమ్ఝే?" అని అడిగేవాడు. ఏం అర్థమైందో వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకున్నాకే లేవనిచ్చేవాడు. పేషెంట్లు ఆయన పేరు మర్చిపోయి "క్యా సమ్ఝే డాక్టర్ ఉన్నడా?" అని అడుగుతూ వచ్చేవాళ్లు. నాకు మాత్రం అది మొరటుగా అనిపించేది. పెద్దవాళ్లను బళ్లో పిల్లల్లా పాఠం అప్పజెప్పమనడం ఏమిటని నా గదిలో ఆ అలవాటు పెట్టుకోలేదు. మర్యాద అనుకున్నాను. నిజానికి అది బద్ధకం.

బోడగుండు

యాదయ్య మొదటిసారి వచ్చింది తొంభైల మొదట్లో. ఫలక్‌నుమాలో రేకు ట్రంకు పెట్టెలు చేసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనప దిమ్మ మీద రేకు పెట్టి సుత్తితో కొట్టడమే పని. నలభై నిండలేదు. వెంట ఆయన భార్య బాలమణమ్మ వచ్చింది. సమస్య ఆవిడే చెప్పింది.

"నా మాట తప్ప అందరి మాట ఇనపడ్తది సారూ ఈయనకు. మొగోళ్లు మాట్లాడితె జవాబిస్తడు. నేను మాట్లాడితె గోడ లెక్క కూసుంటడు. మొన్న పప్పు తెమ్మంటే కప్పు తెచ్చిండు."

"ఈమె మెల్లగ మాట్లాడ్తది సార్" అన్నాడు యాదయ్య.

"నేను మెల్లగ మాట్లాడ్తనా? మా గల్లీల ఎవర్నన్న అడుగు సారూ."

మా ముందు గదిలో ఉన్నవాళ్లు కూడా ఆ మాట విన్నారు. అడగాల్సిన పని లేకపోయింది.

పరీక్ష చేస్తే అనుకున్నదే తేలింది. సుత్తి మోత ముందుగా తినేసేది సన్నటి శబ్దాలను. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు, మాటల్లో ప, క, త, స లాంటి అక్షరాలు మొదట పోతాయి. మగవాళ్ల లావు గొంతు చాలాకాలం వినిపిస్తూనే ఉంటుంది. ఆయన భార్యను లెక్కచేయక కాదు, ఆమె మాట నిజంగానే చెవికి ఎక్కడం లేదు. ఈ సంగతి చెప్పగానే బాలమణమ్మ భర్త వైపు తిరిగింది. "మూడేండ్ల సంది ఒక్కదాన్నే మాట్లాడుకుంటున్ననా అయితె" అంది. వాళ్లు నా దగ్గరికి వచ్చింది అందుకే. ఆ ఇద్దరి మధ్య మాట తిరిగి నడవాలి. అంతకంటే వాళ్లేమీ కోరలేదు.

అప్పట్లో అందరం దీన్ని నరాల చెవుడు అనేసేవాళ్లం. నేను అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. అంతకు కొద్దిరోజుల ముందే ఒక సదస్సుకు వెళ్లొచ్చి ఉన్నాను. లోపల కొత్త విషయం ఉడుకుతోంది. బొమ్మ గీసి చెప్పడం మొదలుపెట్టాను. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఉంటుందని, అందులో కణాలు వరసలు కట్టి ఉంటాయని, ఒక్కో కణం తల మీద సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయని, శబ్దానికి అవి వంగితేనే నరానికి కబురు వెళ్తుందని చెప్పాను. మోతకు ఆ కణాలు చచ్చిపోతాయన్నాను.

"అంటే లోపట బోడగుండు అయిందా సారూ?" అంది బాలమణమ్మ.

ముప్పై ఏళ్లలో నేను విన్న వివరణల్లో అంత చక్కటిది ఇంకొకటి లేదు. నవ్వు ఆపుకోలేక, "అంతేనమ్మా" అన్నాను.

"గుండు కొట్టిస్తె మల్ల మొలుస్తయి గద?"

"మనిషికి మొలవవు. పక్షులకు మొలుస్తాయి."

అంతవరకు బిత్తరచూపులు చూస్తున్న యాదయ్య ఆ మాట పట్టుకున్నాడు. దుకాణం మిద్దె మీద ఆయనకు పావురాలు ఉన్నాయి. "పక్షులంటే, కబూతర్లకు గూడనా సార్?" అన్నాడు ముందుకు వంగి.

కోడిపిల్లల చెవుల్లో మోతకు పోయిన కణాలు కొన్ని వారాల్లో మళ్లీ మొలవడం శాస్త్రవేత్తలు చూశారని, పక్షి జాతికి ఆ గుణం ఉందని చెప్పాను. అందులో అబద్ధం లేదు. యాదయ్య ముఖం వెలిగిపోయింది. "నా కబూతర్లకు ఎన్నిసార్లు చెవుడొచ్చి పోయిందో, నాకే ఎరుక లేదు" అని నవ్వాడు. "మరి మనకెప్పుడు సార్?"

ఇక్కడే తప్పు జరిగింది. తెలియదని చెప్పి ఉండాల్సింది. సదస్సులో కోడిపిల్లల సంగతి చెప్పిన ప్రొఫెసరు కూడా ఎప్పుడనేది చెప్పలేదు. కానీ ఎదురుగా ఇద్దరి ముఖాలూ నవ్వుతున్నాయి. ఆ నవ్వు తెచ్చింది నేను. దాన్ని ఆర్పబుద్ధి కాలేదు.

"పరిశోధన జరుగుతోంది. నాలుగైదేళ్లలో మందు వస్తుంది" అన్నాను.

తర్వాత మిషన్ చూపించాను. అప్పట్లో జేబులో పెట్టె, దాన్నుంచి చెవికి వైరు. యాదయ్య దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టాడు. "గల్లీల రేడియో యాదయ్య అంటరు సార్. మందు వచ్చెదాంక ఆగుత." సుత్తి పని చేసేటప్పుడు పెట్టుకోమని చెవి బిరడాలు ఒక జత ఇస్తే, "మల్ల మొలుస్తయి గద" అని నవ్వాడు. నేనూ నవ్వాను. వాళ్లు వెళ్లాక కార్డు మీద ఇలా రాశాను: మిషన్ సూచించాను, పేషెంటు వద్దన్నాడు.

యూసుఫ్ భాయ్ లేని నెల

తొమ్మిదేళ్లు గడిచాయి. మా ముందు గదిలో కౌంటరు దగ్గర యూసుఫ్ భాయ్ ఉండేవాడు. చీటీలు రాసేది, చెవిలో వేసే చుక్కలు, మిషన్ బ్యాటరీలు ఇచ్చేది అన్నీ ఆయనే. ఆ ఏడాది ఆయన హజ్‌కు వెళ్లాడు. ఒక మధ్యాహ్నం పేషెంట్లు పల్చబడితే నేనే కౌంటరులో కూర్చున్నాను. భార్యాభర్తలిద్దరు వచ్చారు. మగమనిషి నా ముఖం కూడా చూడకుండా, పాల దుకాణంలో అడిగినట్టు, "మందు వచ్చిందా?" అన్నాడు.

"ఏం మందండీ?"

ఆయనకు వినపడలేదు. భార్య ముందుకు వచ్చింది. "చెవుల వెంట్రుకలు మొలిచే మందు సారూ. తొమ్మిదేండ్ల సంది అడుగుతున్నం. యూసుఫ్ భాయ్ ఎప్పుడడిగినా ఇంక రాలే, వస్తది అంటడు."

వాళ్లను నేను గుర్తుపట్టలేదు. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "మీరే గద చెప్పిండ్రు, కబూతర్ల సంగతి" అంది.

జరిగిందేమిటంటే, యాదయ్య ఏడాదికి రెండు మూడుసార్లు అఫ్జల్‌గంజ్‌లో రేకు కొనడానికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మా కౌంటరులో అడిగేవాడు. యూసుఫ్ భాయ్ అదేదో అయిపోయిన చుక్కల మందు అనుకున్నాడు. వస్తది అని పంపేవాడు. తప్పు ఆయనది కాదు. మన భాషలో బస్సూ వస్తుంది, వానా వస్తుంది, ఇంకా పుట్టని మందూ వస్తుంది. నేను అన్న వస్తుంది, ఆయన అన్న వస్తది రెండూ కలిసి ఒక మనిషిని తొమ్మిదేళ్లు నిలబెట్టాయి.

లోపలికి తీసుకెళ్లి మళ్లీ పరీక్ష చేశాను. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టాను. మొదటిదాంట్లో వినికిడి గీత సన్నటి శబ్దాల దగ్గర గుంటలో దిగి మళ్లీ పైకి లేచింది. రెండోదాంట్లో దిగిన గీత పైకి లేవలేదు. బిరడాలు పెట్టుకోలేదు, సుత్తి ఆపలేదు. మళ్లీ మొలుస్తాయి గదా. మొదటి రోజే మిషన్ పెట్టుకుని ఉంటే ఇంట్లో ఇన్నేళ్లు మాట నడిచేది. బిరడాలు పెట్టుకుని ఉంటే ఉన్న వినికిడిలో చాలాభాగం మిగిలేది. కార్డు మీద నా దస్తూరీయే: పేషెంటు వద్దన్నాడు.

వద్దనలేదు. ఆగుతానన్నాడు. ఆగమన్నది నేను.

మళ్లీ ముందు గదిలోకి వచ్చాం. అక్కడ నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నేను యాదయ్య పక్కన నిలబడి, గొంతు తగ్గించి, "నేను అప్పుడు తప్పు చెప్పానండి" అన్నాను.

"ఆఁ?" అన్నాడు యాదయ్య.

"గట్టిగ చెప్పు సారూ" అంది బాలమణమ్మ. "తప్పు మెల్లగ చెప్తే ఈయనకు ఇనపడదు."

అప్పుడు అరిచాను. "మందు రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. ఆ రోజు కూడా నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను. తప్పు నాది." కూర్చున్నవాళ్లంతా ఇటు తిరిగారు. లోపలి గది తలుపు తెరిచి డాక్టర్ సాబ్ బయటికి వచ్చాడు. నా వైపు చూడలేదు. నేరుగా యాదయ్య ముందుకు వెళ్లి, ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, పెద్దగా అడిగాడు.

"క్యా సమ్ఝే?"

"మందు లేదు సాబ్. సారుకు తప్పైంది."

"బరాబర్" అని డాక్టర్ సాబ్ లోపలికి వెళ్లిపోయాడు. నన్ను ఆయన ఆ రోజూ తిట్టలేదు, తర్వాతా తిట్టలేదు. తిడితే తేలికపడేవాణ్ణి.

యాదయ్య నా వైపు తిరిగాడు. "అంటే కబూతర్ల ముచ్చట గూడ అబద్ధమేనా?"

"కాదు. అది నిజమే."

"అయితె సగం తప్పే సార్" అన్నాడు. మిషన్ చూపించమని చెయ్యి చాచాడు.

హజ్ నుంచి వచ్చాక యూసుఫ్ భాయ్‌కి సంగతి చెబితే తల పట్టుకున్నాడు. "నేను గూడ ఊకె కూసోలే సాబ్. వచ్చిన ప్రతి మందుల కంపెనీ పిలగాన్ని అడిగిన, చెవుల వెంట్రుకల మందు ఉన్నదా అని. ఒకడు ఉన్నదని వెంట్రుకలు రాలగొట్టే క్రీము ఇచ్చి పోయిండు." దేవుడి దయ, దాన్ని యాదయ్యకు ఇవ్వలేదు.

ఇప్పుడు అడిగేవాళ్లకు ఏం చెప్పాలి

మిమ్మల్ని కూడా అడుగుతారు. ఇప్పుడు ఇంకా ఎక్కువ అడుగుతారు, పేపర్లో చదివి వస్తారు. గినీ పందుల చెవుల్లోకి ఒక జన్యువును పంపితే ఆ వెంట్రుకల కణాలు కొత్తగా కొన్ని మొలిచాయని ఆమధ్య నేనూ చదివాను. చదివిన రోజు నాకు మళ్లీ అదే సంబరం. ఈసారి పేషెంట్లకు చెప్పలేదు, ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆమె నిదానంగా విని, "ఎప్పుడొస్తుందో ఎవరికీ చెప్పలేదుగా మీరు?" అని మాత్రం అడిగింది.

నాకు ఆశ ఉంది. పక్షికి చేతనైన పని మన ఒంట్లో ఎక్కడో నిద్రపోతోందని నమ్ముతాను. అనుమానాలూ ఉన్నాయి. హార్మోనియంలో రీడ్లు పోతే కొత్త రీడ్లు గుప్పెడు తెచ్చి పెట్టెలో పోస్తే పాట రాదు. ప్రతిదీ దాని చోట కూర్చోవాలి, దాని స్వరం అది పలకాలి. కొత్తగా మొలిచిన కణం తన వరసలో నిలబడాలి, నరాన్ని అందుకోవాలి, తన వంతు శబ్దాన్నే చెప్పాలి. గినీ పంది చెవికీ మన చెవికీ మధ్య ఎంత దూరమో ఎవరూ కొలిచి చెప్పలేదు. చెప్పగలనన్నవాడు నాలాంటివాడే అయి ఉంటాడు. మూలకణాల ఇంజెక్షన్లతో చెవుడు పోగొడతామని బోర్డులు పెట్టేవాళ్ల సంగతి నేను రాయక్కర్లేదు. వాళ్లకు పేషెంట్లను తయారుచేసి పంపేది మాత్రం మాలాంటి మంచివాళ్లమే. చెడ్డవార్త చెప్పలేక తియ్యటి మాట చెప్పి పంపేవాళ్లం.

యాదయ్య తర్వాత నేను ఇలా చెప్పేవాణ్ణి: "పక్షికి మొలుస్తాయి. మనకు ఇంకా మొలిపించలేకపోతున్నారు. ఎప్పటికో తెలియదు. ఆశ పెట్టుకోండి, కానీ చెవిని ఖాళీగా పెట్టుకోకండి." చివర్న, ఏం అర్థమైందో చెప్పమని అడిగేవాణ్ణి. సిగ్గుపడకుండా అడగండి. వాళ్లు తిరిగి చెప్పేది వింటే మీకే తెలుస్తుంది, మీరు ఏం అన్నారో.

వేలు

మిషన్ పెట్టగానే వినికిడి రాదని ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. తొమ్మిదేళ్లు మాట వినని మెదడు మాటను విడదీయడం మర్చిపోతుంది. వైరు లేని చిన్న మిషన్ యాదయ్య చెవి వెనక పెట్టిన రోజు ఆయనకు వినిపించింది మోత. ఫ్యాను, రోడ్డు మీద ఆటోలు, బాలమణమ్మ గాజులు. మాటలు మాత్రం ముద్దగా ఉన్నాయన్నాడు. "మల్ల దిమ్మ ముంగట కూసున్నట్టే ఉన్నది సార్."

అయినా ఆయన మిషన్ మానలేదు. ఈసారి బిరడాలు పెట్టుకుని సుత్తి పట్టాడు, పని దిగాక మిషన్ పెట్టుకున్నాడు. ప్రతి శనివారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చేవాళ్లు. పద్ధతి ఏమిటంటే, ఆయన గోడ వైపు తిరిగి కూర్చోవాలి, పెదవులు కనబడకూడదు. వెనక నుంచి మాటలు చదవాలి. మాటగా అర్థమైతే చూపుడువేలు ఎత్తాలి, ఉత్త శబ్దంగా వినిపిస్తే ఎత్తకూడదు. మొదట నేను చదివాను. మగగొంతు కాబట్టి కొంత పట్టుకున్నాడు. నాలుగో వారం కాగితం బాలమణమ్మకు ఇచ్చాను. ఆమె పాతిక మాటలు చదివితే ఆయన వేలు రెండుసార్లు లేచింది. ఆ రెండూ ఊహించి ఎత్తానని తానే ఒప్పుకున్నాడు. మూడు నెలలు ఇలాగే నడిచింది. వేలు రెండు నుంచి ఐదుకు, ఐదు నుంచి ఎనిమిదికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఇంక ఇంతేనేమో అని నాకు లోపల అనిపించింది. ఆ మాట వాళ్లకు చెప్పాల్సిన రోజు కూడా దగ్గరపడింది.

ఒక శనివారం ఎండ మండుతోంది. బాలమణమ్మ సగం కాగితం చదివింది. మేడ, గంప, వేప, నూలు. వేలు కదల్లేదు. ఆమెకు విసుగొచ్చింది. కాగితం బల్ల మీద పడేసి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, గొంతు తగ్గించి నాతో అంది.

"మేడ గంప ఎవనికి గావాలె సారూ. ఎంత బుద్ధిమంతుని లెక్క కూసున్నడో సూడు. ఇంట్ల గిట్ల కూసుంటె ఏం పోయింది."

యాదయ్య వేలు లేచింది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను ఆమెకు సైగ చేశాను, ఆపొద్దని. తొమ్మిదేళ్లుగా ఆయన ముందే, ఆయనకు వినపడదన్న ధైర్యంతో, ఆమె ఎన్ని అనుకుని ఉంటుందో. అదే గొంతుతో మొదలుపెట్టింది.

"మా చెల్లె పెండ్లికి రమ్మంటె కబూతర్లకు గింజలు ఎవరేస్తరన్నడు."

వేలు.

"జరమొచ్చి పండుకుంటె, ఛాయ్ పెట్టుమంటె, శాప తెచ్చిండు."

వేలు. ఈసారి ఆయన భుజాలు కూడా కదిలాయి. నవ్వుతున్నాడు.

"ఎన్నేండ్ల సంది తిడుతున్ననో, ఒక్కటన్న చెవులవడ్డదా ఈ మనిషికి?"

యాదయ్య గోడ వైపే చూస్తూ, "ఇప్పుడు పడుతున్నయి. ఆపకు" అన్నాడు.

ఆమె ఆపలేదు. పాత కోపాలు, పక్కింటి సంగతులు, ఆయన ముక్కు, ఆయన మీసం, ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. నేను లెక్కపెట్టడానికి పెన్సిలు తీశాను. కాసేపటికి పక్కన పెట్టేశాను. యాదయ్య వేలు దించడం మానేశాడు.